తీరికపనికి ఖరీదెంతండీ?

నరసాపురం లేసు మాటెత్తితే చాలు, "ఆడవాళ్ళు తీరిక వేళల్లో ఎంచక్కా అల్లుకుంటారు" అంటారు. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఆ మాటకే.

మొన్న హైదరాబాదులో మా వదినతో ఓ పెద్ద కొట్టుకెళ్ళాను. అద్దాల వెనక బల్లగుడ్డ. మా ఊరి పువ్వే, మా ఊరి అల్లికే. ధర చీటీ చూసి వదిన, "అమ్మో! అల్లినావిడ మేడ కట్టేసుంటుంది" అంది. మా వీధి చివర అల్లే ఆవిడది ఇప్పటికీ రేకుల ఇల్లే!

మరి డబ్బేమైనట్టు? దారం ధర పెరిగింది, రవాణా పెరిగింది అంటారు. కాదనను. అసలు కిటుకు వేరే ఉంది. అల్లేవాళ్ళు వేలమంది, మా వీధికి వచ్చే ఏజంటు ఒక్కడే. దారం ఇచ్చేదీ అతనే, లేసు పట్టుకెళ్ళేదీ అతనే. ఒకావిడ పువ్వులల్లుతుంది, ఇంకొకావిడ అతుకుపని చేస్తుంది. చివరికది ఎంతకమ్ముడైందో ఇద్దరికీ తెలీదు.

"ఇంకొకళ్ళకి ఇవ్వరాదుటండీ?" అన్నాను ఆవిడతో.

"ఆయ్, ఆయన దారం కదండీ! ఆయనకి కోపమొస్తే రేపు దారం ఎవరిస్తారండీ?" అంది.

ఊళ్ళో పంచదార ఒక్క కొట్లోనే దొరికితే ఏమవుతుందో మీకు చెప్పాలా? అమ్మేవాడొక్కడైతే మన సంచీకి చిల్లు, కొనేవాడొక్కడైతే అల్లేవాళ్ళ కడుపుకి చిల్లు. లాభం రెండుచోట్లా నడిమివాడిదే. నలుగురున్నా కూడబలుక్కుంటే ఒక్కడి కిందే లెక్క. సిమెంటు కంపెనీలు 11 అలాగే కూడబలుక్కున్నాయని కాంపిటీషన్ కమిషన్ 2012లో ఆరువేల కోట్లకు పైగా జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్ళ మీద అప్పీళ్ళు నడిచాయనుకోండి. ఇల్లు కట్టుకునేవాళ్ళ తరఫున ఆ మాత్రమైనా అడిగారు. మా వీధి చివరావిడ గడప ఎవరు తొక్కారు?

మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మా ఊరి లేసు ఆడవాళ్ళ మీద 1982లోనే పుస్తకం వేసింది. లోకమంతటికీ సరుకు తయారుచేసే మనిషిని 'గృహిణి' అనేస్తే కూలి ఎంత తేలిగ్గా కోసెయ్యవచ్చో విడమరిచి చెప్పింది. ఆ మాట అనేది ఏజంట్లేనా? మనం అనటంలేదూ? 2024లో మా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ముద్ర సరుకు మీద పడింది, కూలి మీద కాదు.

ఏజంటు ఆర్డర్లు తెస్తాడు, నష్టమొస్తే భరిస్తాడు, నిజమే. అతని కష్టం అతన్ని తీసుకోనివ్వండి. ఎంత తీసుకున్నాడో, అల్లినావిడకెంత ముట్టిందో ఆ ధర చీటీ మీదే రాయమనండి!

వదిన బేరం మొదలెట్టింది. నేను కొట్టబ్బాయిని, "అల్లినావిడకెంత ఇచ్చారు బాబూ?" అని అడిగాను. అతను చీటీ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "అది దీనిమీద ఉండదు మేడమ్" అన్నాడు.