ఒక్కసారే చెప్పిన జవాబు

1947లో దేశంతో పాటు సైన్యాన్నీ పంచుకున్నారు. విమానాలు, తుపాకులు, లారీలు లెక్కగట్టి పంచినట్టే, అధికారులను కూడా ఎటు ఉంటారో తేల్చుకోమన్నారు. ముస్లిం అధికారుల్లో చాలామంది పాకిస్థాన్‌ను కోరుకున్నారు. హైదరాబాద్‌కు చెందిన ఇరవై నాలుగేళ్ల యుద్ధవిమాన చోదకుడు ఇద్రీస్ హసన్ లతీఫ్ మాత్రం భారతదేశమే అన్నారు.

ఆ మాట ఎంత బరువైనదో తెలియాలంటే అప్పటి హైదరాబాద్‌ను గుర్తుచేసుకోవాలి. నిజాం ఇంకా ఎటూ తేల్చలేదు. సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది 1948 సెప్టెంబరులో. అంటే, పుట్టిన ఊరి కంటే ఏడాది ముందే ఆ ఊరి బిడ్డ భారతదేశంలో కలిశారు. అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ వంటి యుద్ధకాలపు సహచరులు అటు వెళ్తూ, తమతో రమ్మని పిలిచారు. తర్వాతి కాలంలో వాళ్లిద్దరూ పాకిస్థాన్ వైమానిక దళానికి అధిపతులయ్యారు. స్నేహం ఉంది, ఆశ ఉంది, పైగా చుట్టూ మతకల్లోలాలు. మతం వేరు, దేశం వేరు అన్న ఒక్క నమ్మకం మీద లతీఫ్ ఇక్కడే నిలబడ్డారు.

అప్పటికే ఆయన రెండో ప్రపంచయుద్ధం చూసినవారు. 1923 జూన్ 9న పుట్టి, నిజాం కాలేజీలో చదివి, పద్దెనిమిదేళ్లకే, 1942లో వైమానిక దళంలో అధికారిగా చేరారు. తొలి కొలువు కరాచీ తీరంలో, శత్రు జలాంతర్గాముల కోసం సముద్రం మీద గస్తీ. అందుకు ఇచ్చినవి వాపిటి వంటి పాత విమానాలు. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, వాటికి బిగించి కుట్టిన గుడ్డ, నెత్తిన కప్పు లేని కాక్‌పిట్. గాలి నేరుగా మొహాన కొడుతుంటే, కింద అలల మధ్య శత్రువు జాడ వెతకాలి. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి హరికేన్, స్పిట్‌ఫైర్ నడిపారు. తిరిగివచ్చి బర్మా రంగంలో పనిచేశారు. ఆ యుద్ధం తెలుగువాళ్ల గడప దాకా వచ్చినదే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. రంగూన్‌లో పొట్టపోసుకుంటున్న తెలుగు కుటుంబాలెన్నో కట్టుబట్టలతో, కాలినడకన ఇంటిదారి పట్టాయి.

స్వతంత్ర భారతంలో ఆయన మెట్టుమెట్టుగా ఎదిగారు. 1950లో తొలి గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ ఆకాశంలో సాగిన విమాన విన్యాసంలో టెంపెస్ట్ దళాన్ని నడిపించారు. 1965 యుద్ధం వచ్చేసరికి అవతలి వైమానిక దళానికి నూర్ ఖాన్ అధిపతి. ఒకప్పుడు ఒకే మెస్‌లో భోంచేసినవాళ్లు ఎదురెదురు సేనల్లో ఉన్నారు. 1971లో ఢిల్లీలోని వైమానిక దళ ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల బాధ్యత లతీఫ్‌ది. 1978లో ఎయిర్ చీఫ్ మార్షల్‌గా దళాధిపత్యం స్వీకరించారు. జాగ్వార్ విమానాలు మన దళంలోకి వచ్చింది ఆయన హయాంలోనే. 1981లో పదవీ విరమణకు ముందు, ధ్వని కంటే రెండింతలకు పైగా వేగంతో దూసుకుపోయే మిగ్-25లోనూ ఎగిరారు. గుడ్డ రెక్కల విమానంతో మొదలైన ఉద్యోగం అక్కడ ముగిసింది.

సేవ మాత్రం ఆగలేదు. 1982 నుంచి 1985 వరకు మహారాష్ట్ర గవర్నర్, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో భారత రాయబారి. భార్య బిల్కీస్ లతీఫ్, ఆమె కూడా హైదరాబాదీయే, ముంబయి ధారావి మురికివాడల్లో స్త్రీల కోసం, పిల్లల కోసం పనిచేశారు. భర్త జీవితకథను పుస్తకంగా రాసింది కూడా ఆమే. పదవులన్నీ ముగిశాక ఇద్దరూ సొంత ఊరికే తిరిగొచ్చారు. 2017 అక్టోబరులో బిల్కీస్, 2018 ఏప్రిల్ 30న లతీఫ్ కన్నుమూశారు. అదే ఏడాది జనవరిలో అస్గర్ ఖాన్ పాకిస్థాన్‌లో పోయారు.

నీది ఏ దేశం అన్న ప్రశ్నకు లతీఫ్ ఒక్కసారే జవాబు చెప్పారు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లూ ఆయన బతుకే ఆ మాటకు పూచీ. ఇవాళ మనలో కొందరు అదే ప్రశ్నను పొరుగువాణ్ని రోజూ అడుగుతున్నారు. క్రికెట్ మ్యాచ్ జరిగితే అడుగుతారు, సరిహద్దులో కాల్పులు జరిగితే అడుగుతారు, అద్దెకు ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాణ్ని పేరు చూసి అడుగుతారు. తాతల కాలంలోనే తేలిపోయిన సంగతికి మనవల దగ్గర రుజువులు కోరడం అన్యాయం. అది ఇక్కడ ఉండిపోయినవాళ్ల త్యాగాన్ని చిన్నబుచ్చడం కూడా.

హైదరాబాద్ చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలున్నాయి. మన బడిపిల్లలు రోజూ ఆ విమానాల మోత వింటూనే పెరుగుతున్నారు. ఈ ఊళ్లోనే పుట్టి ఆ దళానికే అధిపతి అయిన మనిషి గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పాఠం ఉండటం న్యాయం. పొగడ్తలు అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చెబితే చాలు. ఆ పాఠం మనసుకు పట్టిన పిల్లవాడు పక్క బెంచీ పిల్లవాణ్ని నీది ఏ దేశమని ఎన్నడూ అడగడు.