రెండుకు సున్న ఘాతము

పిల్లలూ! “రెండుతో ఒక్కసారి కూడా హెచ్చవేయనప్పుడు 2⁰ విలువ సున్న కావాలి గదా? ఒకటి ఎందుకైంది?” ఈ ప్రశ్నకు “సూత్రం అంతే” అనేది జవాబు కాదు. చేసి చూద్దాం.

పలాస జీడిపిక్కలు తెచ్చుకోండి. చదరంగపు బల్లమీద మొదటి గడిలో 1 పిక్క, తరువాత 2, 4, 8, ఇలా రెట్టిస్తూ పెట్టండి. నాలుగవ గడికి మూడుసార్లు రెట్టించాము, అనగా 2³. మరి రెండు గడులు జరిగితే 8 × 4 = 32, అనగా 2⁵. చూశారా? రెట్టింపుల లెక్కలు కలిశాయి. హెచ్చవేతలో ఘాతాంకములను కూడేది ఇందుకే. వెనక్కి వస్తే గడిగడికీ సగమే. కనుక భాగహారంలో తీసివేస్తాము.

నాలుగవ గడినుంచి మూడు గడులు వెనక్కి రండి. 2³ ÷ 2³ = 2⁰; 8 ÷ 8 = 1. రెట్టింపు లేదు గాని, మొదట పెట్టిన పిక్క ఉన్నది! అదే సున్న అయితే ఎంత రెట్టించినా సున్నే, బల్లంతా ఖాళీ. 3కైనా, 10కైనా ఇదే న్యాయం. సున్నకు మాత్రం ఇది చెల్లదు. సున్నతో భాగించలేము గదా!

64 గడుల మొత్తం 2⁶⁴ − 1, అనగా 1,84,46,74,40,73,70,95,51,615. ఉద్దానం తోటలన్నీ దులిపినా చాలవు! ఈ సంఖ్యను పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యంలో ఇమిడ్చాడు.

మొదటి గడినుంచి ఇంకొక అడుగు వెనక్కి వేస్తే? పిక్కను కోయాలి! అప్పుడు 2⁻¹ ఎంతో మీరే చెప్పండి.