భుజానికి లోహపు టోపీ: మన్యంలో ఎవరికి, ఎప్పుడు పనికొస్తుంది?

భుజం కీలు అరిగిందంటే అరవై దాటిన పెద్దాయనే మీ కళ్లముందు మెదులుతారు. అరకు, పాడేరు కొండల్లో పాతికేళ్ల యువకుడికీ ఆ పరిస్థితి రావచ్చు. సికిల్ సెల్ జబ్బు అందుకు ఒక కారణం.

ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. తుంటిలో, భుజంలో బంతిలా ఉండే ఎముకకు రక్తం అందక కొంత భాగం చచ్చిపోతుంది. తర్వాత బంతి కుంగి, కీలు అరుగుతుంది. సికిల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది. మలేరియా ఉండే ఈ కొండల్లో అది తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం అదే. ఇద్దరి నుంచీ వస్తే జబ్బు.

మరి చికిత్స? మామూలు కీలు మార్పిడిలో బంతిని కోసేసి, చేతి ఎముకలోకి లోహపు కాడ దింపుతారు. రీసర్ఫేసింగ్‌లో బంతిని ఉంచి, అరిగిన పైభాగాన్ని చెక్కి లోహపు టోపీ తొడుగుతారు. బ్రిటన్ సర్జన్ స్టీఫెన్ కోప్‌లాండ్ 1986లో తన టోపీని వాడటం మొదలుపెట్టారు. ఎముక మిగులుతుంది కాబట్టి మున్ముందు పూర్తి మార్పిడికి దారి ఉంటుంది. సికిల్ సెల్ ఉన్నవారిలో ఎముక లోపలి గుల్ల గట్టిపడి కాడ దింపడం కష్టమవుతుంది, అక్కడా టోపీకి కొంత మొగ్గు.

అయితే టోపీ నిలవాలంటే కింద బతికున్న ఎముక తగినంత ఉండాలి. భుజం చుట్టూ ఉండే కండరాల స్నాయువులు తెగకుండా ఉండాలి. ఎదుటి గిన్నెభాగం లోహానికి ఒరుసుకుని మళ్లీ నొప్పి రావచ్చు, మళ్లీ ఆపరేషన్ కావచ్చు. ఇప్పుడు చాలాచోట్ల కాడ లేని కొత్త కీళ్లు దీని స్థానాన్ని ఆక్రమించాయి. నగరంలో మీ ఇంట్లోవారికి డాక్టర్ దీన్ని సూచించినా ఈ మూడూ అడగండి: ఎముక, స్నాయువులు, గిన్నె.

మన్యంలో అసలు చిక్కు సమయంతోనే. ఎముక మరీ కుంగిపోయాక వస్తే టోపీకి చోటుండకపోవచ్చు. తొలి దశ ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎమ్మారై కావాలి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్షల లెక్క బాగానే కనిపిస్తుంది. జబ్బు తేలినవారిని ప్రతి సందర్శనలోనూ 'భుజం, తుంటి నొప్పి ఉందా' అని అడిగినప్పుడే ఆ లెక్కకు అర్థం ఉంటుందని నా అభిప్రాయం.

ఆపరేషన్ కూడా ఎక్కడపడితే అక్కడ కుదరదు. మత్తు ఇచ్చేటప్పుడు ఒళ్లు చల్లబడినా, ఒంట్లో నీరు తగ్గినా కణాలు వంగుతాయి. రక్తనిధి, రక్తవ్యాధుల నిపుణులు అందుబాటులో ఉండాలి. అంటే అరకు నుంచి సుమారు 115 కిలోమీటర్లు ఘాట్ దిగి విశాఖ చేరాలి. ఆపరేషన్ ఒక్క రోజు, ఫిజియోథెరపీ నెలలు. డోలీలో రోడ్డెక్కే ఊళ్లవారికి అన్నిసార్లు రావడం మాటలు కాదు. పైగా కాఫీ పండ్లు కోసే చలికాలంలోనే నొప్పులూ ముదురుతాయి.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే సికిల్ పరీక్ష గురించి దగ్గర్లోని పీహెచ్‌సీలో అడగమనండి. జబ్బు నిర్ధారణ అయినవారికి రాష్ట్రం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఎన్టీఆర్ వైద్యసేవలో తమ ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలోని వైద్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి. 104కు ఫోన్ చేసినా చెబుతారు.