మునకతో తీరని బాకీ

బృహస్పతి ఒక రాశి నుంచి మరో రాశిలోకి మారినప్పుడు ఆ రాశికి చెందిన నదికి పుష్కరాలు వస్తాయని పంచాంగం చెబుతుంది. సింహం గోదావరిది, కన్య కృష్ణది, మకరం తుంగభద్రది. బృహస్పతి సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి 11.86 ఏళ్లు పడుతుంది కాబట్టి ఒక నదికి పుష్కరం మళ్లీ రావాలంటే దాదాపు 12 ఏళ్లు ఆగాలి. ఇంతవరకు గ్రహగతి లెక్క. పుష్కరం జరిగే 12 రోజుల్లో మునిగినవారి పాపాలు పోతాయన్న మాటకు ఏ లెక్కా లేదు, ఏ రుజువూ లేదు.

పాలమూరు ప్రాంతంలోని కల్వకుర్తికి నది లేదు. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగిన కృష్ణా పుష్కరాలకు ఈ వైపు జనం సోమశిలకో శ్రీశైలానికో బండ్లు కట్టుకొని పోయారు. గద్వాల దిక్కు వారికి బీచుపల్లి, వనపర్తి వారికి రంగాపూర్ దగ్గర. 2020 నవంబర్ 20న తుంగభద్ర పుష్కరాలు మొదలైనప్పుడు, కోవిడ్ ఆంక్షల మధ్య కూడా, అలంపురం ఘాట్‌కు భక్తులు వచ్చారు. చనిపోయిన తల్లిదండ్రులను తలచుకొని ఒడ్డున పిండం పెట్టేవారి దుఃఖం నిజమైనది, దానితో ఎవరికీ పేచీ ఉండనక్కర్లేదు. పేచీ అంతా చేసిన తప్పు నీళ్లలో కరిగిపోతుందన్న హామీతోనే.

తప్పుకు ఎప్పుడూ రెండు వైపులుంటాయి: చేసినవాడు, దాని దెబ్బ తిన్నవాడు. పొలం గెట్టు రాత్రికి రాత్రి జరిపినవాడు మునిగి లేస్తే గెట్టు వెనక్కి జరగదు. పాలమూరు కూలీలను వలస తీసుకుపోయి లెక్కలు తారుమారు చేసిన గుంపు మేస్త్రీ మూడు మునకలు వేస్తే ఆ కూలీ ఇంటికి బాకీ డబ్బు చేరదు. బాణామతి చేసిందని ఒక ముసలామెను ఊరంతా కలిసి కొట్టిన తర్వాత కొట్టినవారందరూ ఒకే బస్సులో పుష్కరానికి పోగలరు, ఆమె మాత్రం ఆ ఊళ్లో మళ్లీ తలెత్తుకొని నడవలేదు. క్షమించే అధికారం ఎవరికుందో వారిని అడగకుండానే, వారికి తెలియకుండానే, నది పేరు మీద క్షమాపణ ఇచ్చేయడం ఈ నమ్మకంలోని క్రూరత్వం. గెట్టు జరిపినవాడు తేలికపడి ఇల్లు చేరతాడు. వచ్చే ఏడు ఇంకో గెట్టు జరపడానికి అతనికి అడ్డేమీ ఉండదు, ఎందుకంటే మొదటిసారి చేసింది తప్పని అతను ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

పాత ధర్మశాస్త్రాలు ఈ విషయంలో నేటి ప్రచారం కంటే కొంత నయం. మనుస్మృతి పదకొండో అధ్యాయం చేసిన పనిని బయటికి చెప్పుకోవడాన్ని, పశ్చాత్తాపాన్ని శుద్ధి మార్గాల్లో చేర్చింది. చిల్లర దొంగతనానికి ప్రాయశ్చిత్తం చెబుతూ ముందు సొత్తు తిరిగి ఇమ్మంది. అయితే అదే అధ్యాయం పిల్లిని, ముంగిసను, కప్పను, కుక్కను, కాకిని చంపితే శూద్రుణ్ణి చంపినప్పుడు చేసే ప్రాయశ్చిత్తమే చేయమంటుంది. మనిషి ప్రాణానికి, కప్ప ప్రాణానికి ఒకే ధర. పాపం బరువు చచ్చినవాడి కులాన్ని బట్టి తూగినచోట, చంపినవాడు తన తప్పు నుంచి ఏం నేర్చుకుంటాడు?

మునకతో పాపం పోతుందన్న మాటను ప్రశ్నించడం పడమటి చదువు తెచ్చిన అలవాటేమీ కాదు. బౌద్ధ భిక్షుణుల పద్యాల సంపుటి థేరీగాథలో పుణ్ణిక అనే దాసి కథ ఉంది. యజమానుల దెబ్బలకు భయపడి చలిలో నీళ్లు మోసే ఆమె, పాపం పోవాలని అదే చలినీళ్లలో వణుకుతున్న బ్రాహ్మణుణ్ణి అడుగుతుంది. స్నానమే చాలితే చేపలు, కప్పలు, తాబేళ్లు అన్నీ స్వర్గానికి పోవాలి కదా అని. నీ పాపాన్ని మోసుకుపోయే నది నీ పుణ్యాన్ని కూడా మోసుకుపోదా అని. ఆ ప్రశ్నకు రెండువేల ఏళ్లుగా జవాబు రాలేదు.

నమ్మకానికి ముహూర్తం తోడైతే ప్రాణాలే పోతాయి. 2015 జూలై 14న, 144 ఏళ్లకోసారి వచ్చే మహా పుష్కరమన్న ప్రచారం నడుమ, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. విచారణకు జస్టిస్ సోమయాజులు కమిషన్ వేశారు. ముహూర్తం ఘడియలోనే మునగాలన్న తపనను, దాన్ని పెంచిన ప్రచారాన్ని నివేదిక తప్పుపట్టింది. తపన పడినవారిలో 27 మంది ప్రాణాలే పోయాయి. ఆ తపనను ఊరూరా పెంచినవారికి, జనాన్ని ఒక్క ఘాట్‌కే వదిలినవారికి ఏ శిక్షా పడలేదు.

తప్పు నుంచి నేర్చుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే కల్వకుర్తి వైపు జరిగిన ఒక ఘటన చాలు. కల్వకుర్తి ఎత్తిపోతల పథకం కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో శ్రీశైలం జలాశయం నీళ్లను తోడి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మీదుగా పొలాలకు పంపుతుంది. 2020 అక్టోబర్‌లో ఎల్లూరు పంపుహౌస్ నీట మునిగింది. పక్కన జరుగుతున్న పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనుల పేలుళ్లే కారణమా అన్న వాదన గట్టిగా నడిచింది. నీళ్లు తోడిపోశారు, మోటార్లు విప్పారు, బాగుచేయగలిగినవి బాగుచేశారు. వాదన ఎంత చేదుగా సాగినా అందరూ అడిగింది ఒకటే: ఎక్కడ పొరపాటు జరిగింది, ఎవరిది? నెల దాటిన కొద్ది రోజులకే తుంగభద్ర పుష్కరాలు వచ్చాయి. అక్కడ ఆ ప్రశ్న అడిగేవారే లేరు.

సోమశిల ఘాట్‌లో భక్తులు మునిగే నీళ్లు కూడా శ్రీశైలం జలాశయానివే. ఆ జలాశయం కర్నూలు, పాలమూరు జిల్లాల్లో వందకు అటూఇటూగా ఊళ్లను ముంచింది. సోమశిల ఆలయాలను, జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఒక్కో రాయికీ అంకె వేసి విప్పి, మెరకకు తెచ్చి, మళ్లీ అదే వరుసలో పేర్చారు. అది మెచ్చదగిన పని. గుడి రాళ్లకు దక్కిన ఆ శ్రద్ధ ఆ ఊళ్ల మనుషులకు దక్కలేదు. 1981లో ఇళ్లు కూల్చి వారిని లేపారు. పునరావాసం, పరిహారం సగం సగంగా మిగిలాయి. 1986లో వచ్చిన జీవో 98 ముంపు కుటుంబానికో ఉద్యోగమని మాట ఇచ్చింది. దాన్ని పట్టుకొని తండ్రులు తిరిగారు, తర్వాత కొడుకులు తిరిగారు, ధర్నాలు చేశారు, వయసు దాటిపోయింది.

2016లో అదే నీళ్ల ఒడ్డున ఘాట్ కట్టడానికి ప్రభుత్వానికి డబ్బు, మనుషులు, గడువు అన్నీ దొరికాయి. కృష్ణకు మళ్లీ పుష్కరాలు 2028లో. ఘాట్ల టెండర్ల కంటే ముందు జీవో 98 కింద మిగిలిన కుటుంబాల జాబితా తేల్చి, ఊరి పేరుతో, ఇంటి పేరుతో, రావలసిన బాకీతో కొల్లాపూర్, అలంపురం తహసీల్ కార్యాలయాల గోడకు అంటించాలి.