చీకటి పడ్డాక ఎవరికి ఫోన్ చేయాలి?

క్యాన్సర్ ముదిరి మంచం పట్టిన మనిషికి పగలు ఎలాగో గడుస్తుంది. వచ్చేపోయేవాళ్లు ఉంటారు, వీధిలో అలికిడి ఉంటుంది. రాత్రి పదకొండు దాటి ఇల్లు సద్దుమణిగాక సలుపు మొదలవుతుంది. ఆయాసం ఎక్కువవుతుంది. యూరిన్ పైపు మూసుకుపోయి పొత్తికడుపు ఉబ్బుతుంది. ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు వాళ్లకు గుర్తొచ్చే నంబరు ఒక్కటే, 108.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. ప్రమాదాలకూ గుండెపోట్లకూ పురిటినొప్పులకూ దాన్ని మించిన ఏర్పాటు లేదు. కానీ దాని పని మనిషిని ఆసుపత్రికి చేర్చడం. ‘ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అని వారం కిందట పంపేసిన పెద్దాయనను అది మళ్లీ క్యాజువాలిటీకే తీసుకెళ్తుంది. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకు ఆయనెవరో, ఎక్కడ కన్నుమూయాలని కోరుకున్నాడో తెలియదు. తెలిసిన వైద్యం తను చేస్తాడు. సెలైన్, ఆక్సిజన్, ఆ తర్వాత ఐసీయూ. తెల్లవారేసరికి ఆయన లోపల, అయినవాళ్లు బయట వరండాలో.

తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో ‘ఆలన’ పేరుతో పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బులో నొప్పీ బాధా తగ్గించే సేవ) కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పడ్డ శ్రమ ఈ ప్రయత్నం వెనక ఉంది. వార్డుతో పాటు ఊళ్లు తిరిగే వాహనం కూడా ఉంటుంది. ఆ బృందంలో ఎక్కువ బరువు మోసేది నర్సులే. నోటి క్యాన్సర్ పుండులో పురుగులు పడితే మొహం తిప్పుకోకుండా ఒక్కొక్కటే తీసి, కడిగి, వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ పొడి చల్లి కట్టు కడతారు. వీపు పుండ్లు పడకుండా మనిషిని ఎలా ఒత్తిగిలించాలో కోడలి చేత చేయించి చూస్తారు. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకసారి ఎందుకో చెబుతారు. దానితో పాటు విరేచనం మందు ఎందుకు మానకూడదో, అర్ధరాత్రి నిద్ర లేపకుండా పడుకునే ముందు డోసు ఎందుకు పెంచి ఇస్తారో కూడా ఓపిగ్గా చెబుతారు. ఆసుపత్రి వదిలేసిందనుకున్న ఇంటికి ‘నర్సమ్మ వస్తుంది’ అనేది ఎంత ధైర్యమో ఆ ఇళ్లవాళ్లను అడగాలి.

సాయంత్రానికి ఆ వాహనం జిల్లా కేంద్రానికి తిరిగిపోతుంది. వారానికి 168 గంటలు. సోమవారం నుంచి శనివారం దాకా 9 నుంచి 5 వరకు పనిచేసినా అయ్యేది 48. మిగతా 120 గంటలు ఆ కుటుంబానికి ఎవరు దిక్కు? మనసొప్పక సొంత ఫోన్ నంబరు ఇచ్చి వచ్చే నర్సులు ఉన్నారు. రాత్రి రెండింటికి మోగినా ఎత్తుతారు. అది వాళ్ల మంచితనం. ఆ మంచితనాన్నే ప్రభుత్వ ఏర్పాటుగా లెక్కేసుకుని ఊరుకోవడం అన్యాయం. పొద్దున్నే మళ్లీ వాహనం ఎక్కాల్సిన మనిషి ఎన్నాళ్లని నిద్ర మానుకుంటుంది?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి జడిసి మార్ఫిన్‌ను చాలా ఆసుపత్రులు దగ్గరకే రానివ్వలేదు. 2014 సవరణ ఆ ముడి విప్పింది. గుర్తింపు పొందిన ఆసుపత్రి ఇస్తే మాత్రలు ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అంటే ఇవాళ కొన్ని ఇళ్లలో నొప్పి తగ్గించే మాత్ర అలమరాలో ఉంది, నొప్పితో కేకలు పెట్టే మనిషి మంచం మీద ఉన్నాడు. మధ్యలో ఉన్నది భయం. ‘ఇందాకే ఒకటి వేశాం, ఇంకోటి వేస్తే ప్రాణానికేమైనా అవుతుందేమో!’ ఆ క్షణంలో ‘పగటిపూట డాక్టరుగారు చీటీలో రాసిందే, వేయండమ్మా, నేను అరగంటలో మళ్లీ చేస్తాను’ అనే గొంతు ఒకటి కావాలి. రాత్రి వచ్చే ప్రతి ఫోన్‌కూ మనిషి బయల్దేరక్కర్లేదు. గొంతులో గురగుర మొదలైతే పక్కకు తిప్పి పడుకోబెట్టమని, నోట్లో నీళ్లు పోయొద్దని, తులసి తీర్థం ఇవ్వాలనుకుంటే పెదాలు తడిపితే చాలని చెప్పడానికి తెలిసిన నర్సు ఉంటే సరిపోతుంది. పైపు మూసుకుపోతే మాత్రం వెళ్లాల్సిందే.

బ్రిటన్‌లో మేరీ క్యూరీ పేరిట ఉన్న స్వచ్ఛంద సంస్థ నర్సులు రాత్రంతా రోగి పక్కన కూర్చుంటారు, ఇంటివాళ్లు కంటినిండా నిద్రపోతారు. చివరి రోజుల్లో అవసరపడే ఇంజెక్షన్లను డాక్టరు ముందే రాసి ఇంట్లో ఉంచే పద్ధతీ అక్కడ ఉంది. ఉన్న దేశం కాబట్టి సాగుతోంది అనేవాళ్లు ఉగాండా వైపు చూడాలి. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు మార్ఫిన్ రాయవచ్చని అక్కడ 2004లోనే నిబంధన మార్చారు. మనకు దగ్గర్లో కేరళ ఉంది. కోజికోడ్‌లో 1993లో మొదలైన పని 2008లో రాష్ట్ర విధానమైంది. పంచాయతీలు నర్సులను పెట్టుకుని ఇళ్లకు పంపుతున్నాయి. శిక్షణ పొందిన ఊరివాళ్లు వాళ్లకు తోడుంటారు. అలాంటి పొరుగు మనిషి ఒకరున్నా రాత్రి సగం భయం తగ్గుతుంది.

ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల సేవల జాబితాలో పాలియేటివ్ కేర్ ఉంది కాబట్టి రాత్రిపూట ఈ తోడు కల్పించడం రెండు తెలుగు రాష్ట్రాల బాధ్యత. జిల్లాకొక రాత్రి నంబరు పెట్టాలి. దాని దగ్గర వంతులవారీగా కూర్చునే నర్సుకు రోగులందరి చీటీలు కనపడాలి. నొప్పి హెచ్చితే వేయాల్సిన అదనపు డోసు డాక్టరు ముందే రాసి ఉంచాలి. బయల్దేరాల్సి వస్తే డ్రైవరుతో పాటు మరో తోడు ఉండాలి. రాత్రి భత్యం జీతంతో పాటే రావాలి, మర్నాడు సెలవు ఉండాలి. 108కు ఫోన్ చేసింది ఆ రోగుల్లో ఒకరి ఇల్లే అయితే, అంబులెన్స్ కదిలే లోపు ఆ కాల్ నర్సుకు కలపాలి. వెళ్లాలా వద్దా అన్నది ఆమెతో మాట్లాడాక ఇంటివాళ్లు తేల్చుకుంటారు.