పెళ్ళయ్యాక ఆ అప్పు ఎవరు కడతారు?

బైపీసీ పాసైన ఆడపిల్ల నర్సింగ్ చదువుతానంటే మన ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్ళలో ముందు లేచే ప్రశ్న ఇదే. కొడుకు ఇంజినీరింగ్‌కైతే మెడలో గొలుసు కుదువ పెట్టడానికి వెనకాడం. కూతురి పేరుమీద బ్యాంకు లోను అనేసరికి ఎందుకో భయం.

అసలు ఎంత అప్పు కావాలో ముందు చూద్దాం. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. కన్వీనర్ సీటు వచ్చి, ఇంటి ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మేనేజ్‌మెంట్ సీటుకు అది రాదు. కాబట్టి అడ్వాన్సు కట్టేముందే "ఇది ఏ సీటు?" అని గట్టిగా అడగండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు కౌన్సెలింగ్‌కు ముందే తీసి పెట్టుకోండి.

అయినా హాస్టలు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చులు ఉండనే ఉంటాయి. సర్కారు డబ్బు ఆలస్యమైతే కాలేజీ మన వైపే చూస్తుంది. మగ్గం మీదో, పత్తి మిల్లులోనో, గుంటూరు వైపు సుగ్గికి పోయి మిరపకాయలు కోసో తెచ్చే డబ్బు ఫీజు గడువు చూసుకుని రాదు కదా. అప్పుడు తెలిసినవాళ్ళ దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాం. అంటే ఏడాదికి 24 శాతం. లక్షకు నెలకు రెండు వేలు, అదీ మరుసటి నెల నుంచే.

బ్యాంకు చదువు లోను అలా కాదు. 4 లక్షల వరకు మన చేతి డబ్బు పెట్టాల్సిన పనిలేదు. 7.5 లక్షల వరకు పొలం, ఇల్లు తాకట్టు అడగకుండా ఇచ్చే పద్ధతి ఉంది. తల్లో తండ్రో కలిసి సంతకం చేయాలి. మామూలుగా చదువు అయ్యాక మరో ఏడాది వరకు కంతులు ఉండవు. ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే, గుర్తింపు ఉన్న కోర్సులకు ఆ కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడమనేది అందుకే. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి మాత్రం జాబితాలో ఉన్న విద్యాసంస్థలకే. మీ కాలేజీ అందులో ఉందేమో కనుక్కోండి.

ఇక అసలు ప్రశ్న. కట్నానికీ, పెళ్ళి భోజనాలకూ లక్షలు అప్పు చేస్తాం. అది ఎవరు కడతారని ఎవరూ అడగరు. నాన్న ముసలివాడయ్యేదాకా కడతాడు. చదువు అప్పును మాత్రం సంపాదించే పిల్లే తీర్చుకుంటుంది. ఏది బరువు?

అయితే ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతాలు చిన్నవి. ఆమె కట్టలేకపోతే సంతకం పెట్టినవాళ్ళ మీదికే వస్తుంది. అందుకే మేనేజ్‌మెంట్ సీటుకు పెద్ద లోను వద్దంటాను. కన్వీనర్ సీటు, పై ఖర్చులకు సరిపడా చిన్న లోను, అంతే.

పెళ్ళిచూపుల్లో ఈ లోను సంగతి దాచకండి. "అప్పు తీరేదాకా మా అమ్మాయి ఉద్యోగం మానదు" అని ముందే చెప్పండి. ఆ మాటకు మొహం చిట్లించే సంబంధమైతే, తర్వాత ఆమె జీతాన్నీ ఉద్యోగాన్నీ గౌరవిస్తారని నమ్మకమేంటి? అలాంటి ఇల్లు ముందే తెలిసిపోవడం మంచిదే కదా.