రోమక చరిత్రయు ఆంగ్ల నాటకమును

ఎలిజబెత్ రాణి కాలపు ఆంగ్ల నాటకకర్తలు ప్రాచీన రోమక చరిత్రను ఏల ఆశ్రయించిరి? ఆనాటి పాఠశాలలలో లాటిను భాష ప్రధాన విద్య; సీజరు, సిసిరోల పేరులు బాలురకు సుపరిచితములు. దానికితోడు ప్లూటార్కు రచించిన మహాపురుషుల జీవితములను థామస్ నార్తు 1579లో ఇంగ్లీషున వెలయించెను. కథలు చేతికందినవి గనుక వాడుకొనిరని పలువురందురు. ఇది సగము నిజము మాత్రమే.

1558లో సింహాసనమెక్కిన ఎలిజబెత్తునకు సంతానము లేదు. వార్ధక్యము వచ్చినను ఆమె తన వారసుని పేరు ప్రకటింపలేదు. ఆమె అనంతరము అంతఃకలహములు చెలరేగునేమో యని ప్రజలు భయపడుచుండిరి. కాని ఆ మాట పైకి చెప్పుట అపాయకరము. రాణిగారి మంత్రాలోచనసభ అనుమతి లేనిదే ఇంగ్లండు చరిత్రలను ముద్రింపరాదని 1599 జూనులో మతాధికారులు శాసించిరి. ఆ సంవత్సరముననే సెప్టెంబరు 21వ తేదీన, థేమ్సు నది ఆవలి యొడ్డున పూరికప్పుగల నాటకశాలలో సీజరు నాటకమును చూచితినని థామస్ ప్లాటర్ అను స్విట్జర్లండు యాత్రికుడు వ్రాసికొనెను. అది షేక్స్పియరు నాటకమే యని పండితుల నిర్ణయము.

ఏలిక నిరంకుశుడగునేమో యను శంకతో అతనిని చంపవచ్చునా? చంపినచో స్వేచ్ఛ నిలుచునా? ఈ ప్రశ్నలను షేక్స్పియరు బ్రూటసుచేత నిర్భయముగా అడిగించెను. సీజరు నేలకొరిగెను, వచ్చినది మాత్రము స్వేచ్ఛ కాదు, యుద్ధము.

ఇట్టి కథనే ఆంగ్ల రాజు పేర ఆడినచో ఏమగునో 1601లో తేలెను. ఫిబ్రవరి 7న ఎసెక్సు ప్రభువు అనుచరులు అదనముగా 40 షిల్లింగులిచ్చి, రెండవ రిచర్డు రాజ్యభ్రష్టుడైన కథను షేక్స్పియరు సమాజముచేతనే ఆడించిరి. మరునాడే ఎసెక్సు తిరుగబడెను. ఆ నెలలోనే అతని తల తెగెను. నటులు శిక్ష తప్పించుకొనిరి గాని, వారి ప్రతినిధి విచారణకు నిలువవలసివచ్చెను. సీజరు హత్యను ఆడినందుకు వారినట్లు ప్రశ్నించిన దాఖలా లేదు.

అయినను రోము ముసుగు అందరిని కాపాడలేదు. 1603లో 'సెజానస్' నాటకము వ్రాసిన బెన్ జాన్సను మంత్రాలోచనసభ యెదుట సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను. అతడు మహాపండితుడు. 1605లో ఆ నాటకమును అచ్చువేయించినపుడు పుటల అంచులలో టాసిటసు మొదలగువారి గ్రంథములనుండి ప్రమాణములు చూపెను. రంగస్థలముపై మాత్రము దానికి ఆదరణ కలుగలేదు.

షేక్స్పియరు అంత జాగ్రత్త పడలేదు. అతని రోములో గంటలు కొట్టు గడియారము మ్రోగును! అట్టి యంత్రము సీజరు కాలమున లేదు. దీనిని తప్పుగా ఎంచుట సులభమే. కాని ఒక పెన్నీ చెల్లించి, పైకప్పులేని ఆవరణలో నిలుచుండి నాటకము చూచిన లండను వాసికి అది తప్పుగా తోచియుండదు. అతని చెవికి అది తన వీధిలోని చర్చి గడియారమే.